జీపు అడుగురేకు

జీపు వెనకభాగంలో అడుగురేకు తుప్పు పట్టి చిల్లులు పడిందని నాకు ముందే తెలుసు. రెండు వానాకాలాలుగా దాని మీద ఒక చెక్క పరిచి, పైన రబ్బరు పట్టా వేసి నడుపుతున్నాను. భద్రాచలం రోడ్డు నుంచి అడవి లోపలి ఊళ్లకు మనుషులను చేరవేసే బండి అది. రిపేరుకు ఆపితే వాళ్లకు నడకే దిక్కని నాకు నేనే సర్దిచెప్పుకునేవాణ్ణి.

ఒక సంత రోజు ముసురు పట్టి ఉంది. విస్తళ్లు కుట్టే అడ్డాకుల కట్ట నెత్తిన పెట్టుకుని ఒక కోయ అవ్వ వెనక నుంచి ఎక్కింది. ఆమె ఇంకా కూర్చోలేదు. నేను చూడకుండానే బండి కదిలించాను. వెనక అరుపులు వినిపిస్తే ఎవరి కోళ్లో తప్పించుకున్నాయనుకున్నాను. నాలుగు గజాలు పోయాక గానీ బ్రేకు వేయలేదు.

నానిన చెక్క విరిగి ఆమె కాలు మోకాలి దాకా కిందికి దిగిపోయింది. తుప్పు అంచులు పిక్కలో గుచ్చుకున్నాయి. పైకి లాగితే ఇంకా చీలుతోంది. నేను బురదలో బండి కిందికి దూరి, రాడ్డుతో రేకు వంచి కాలు విడిపించాను. అవ్వ ఏడవలేదు. "ఆకులు తడుస్తున్నయి, లోపల పెట్టుండ్రి" అంది.

అదే బండిలో దవాఖానాకు తీసుకుపోయాను. పుండు కుళ్లింది. పది రోజుల తర్వాత మోకాలి కింద కాలు తీసేశారు.

ఆ కబురు విన్న మర్నాడు జీపును ఇంటి ముందు ఆపి సీట్లు ఊడదీశాను. గతంలో కిటికీలకు ఊచలు అతికే పని చేశాను కాబట్టి వెల్డింగ్ వచ్చు.

"షెడ్డుకు తోలుకపోరాదు?" అంది నా భార్య.

"ఆడ అందరు ఏమైందని అడుగుతరు."

"అడగనీ. నేను ఎన్నిసార్లు చెప్పిన నీకు?"

నేను రేకు మీది రబ్బరు పట్టా లాగాను. ఆమె వచ్చి పట్టా అవతలి అంచు పట్టుకుంది.

డీజిల్ ట్యాంకు దించి, ఉలితో కొట్టడం మొదలుపెట్టాను. రంగు కింద గట్టిగా ఉందనుకున్న చోటు కూడా పెళ్లలుగా రాలింది. అడుగు పోయింది, పక్కరేకు పోయింది, ఎక్కే మెట్టు కూడా చేతికి ఊడివచ్చింది. చిల్లు అంచున చీర పేలిక ఒకటి ఇరుక్కుని, నల్లగా ఎండి ఉంది. నా భార్య దాన్ని మెల్లగా ఊడదీసింది. ఎక్కడ వెయ్యాలో మా ఇద్దరికీ తోచలేదు. చివరికి పెరట్లో గుంట తీసి పూడ్చింది. ఆ పూట ఇద్దరమూ అన్నం తినలేదు.

కొత్త రేకులు కొలిచి, కోసి, అతికించి, అతుకులు అరగదీసి, కింద ఎర్ర ప్రైమరు రెండు పూతలు వేశాను. రంగు ఆరిన రోజు నేరుగా అవ్వ ఊరికి పోయాను. కట్టు మార్పించడానికి తీసుకుపోదామని.

అవ్వ గుడిసె ముందు మంచం మీద ఉంది. కొడుకు వచ్చి బండెక్కి, మడమతో అడుగు గట్టిగా తన్ని చూశాడు.

"గట్టిగనే చేసినవన్నా. ఎన్ని దినాలు పట్టింది?"

"ఎనిమిది."

అవ్వ తల తిప్పి నా వైపు చూసింది. ఆమె గొంతులో కోపం లేదు.

"ఎనిమిది దినాలేనా, బిడ్డా?"

కొడుకు దిగి, "నువ్వు పో అన్నా, మేం బస్సుకు పోతం" అన్నాడు.

ఆ నెలలో రెండుసార్లు వాళ్లు దారిలో ఎదురయ్యారు. అతడు తల్లిని వీపు మీద మోసుకుని తారురోడ్డు వైపు నడుస్తున్నాడు. రెండుసార్లూ బండి ఆపాను. అతడు వద్దన్నట్టు చెయ్యి ఊపి, రోడ్డు దిగి నాకు దారి ఇచ్చాడు.