యాదగిరన్న రాయని మాట

2023లో వానలు మొదలైన రోజుల్లో నేను గచ్చిబౌలిలో ఒక మూడో అంతస్తు గదిలో పనిచేసేదాన్ని. కింద బైక్ టాక్సీల వాళ్ల కేకలు, ఆఫీసు బస్సుల హారన్లు. పైన మా గదిలో మాత్రం చప్పుడే ఉండేది కాదు. మా దగ్గర మాటలన్నీ తెర మీదే. షేర్లు కొనేవాళ్లూ అమ్మేవాళ్లూ తెలుగులో మాట్లాడుకునే ఆన్‌లైన్ గ్రూపు అది. దానికి నేను మోడరేటర్‌ని. అంటే పెళ్లింట్లో బంతి చూసుకునే పెద్దమ్మ లాంటి పని. వండేది మనం కాదు, తినేదీ మనం కాదు. ఎవరి విస్తట్లో ఏం పడుతోందో, ఎవరు ఎవరి మీద అరుస్తున్నారో చూసుకోవాలి.

నేను చదివింది ఏడో తరగతి. మరి ఈ పని నీకెలా వచ్చిందని అందరూ అడుగుతారు. గ్రూపు పెట్టిన కిరణ్ లింగంపల్లిలో మా ఇంటి పైవాటాలో కిరాయికి ఉండేవాడు. వాళ్ల ఆఫీసుకు మధ్యాహ్నం భోజనం నేనే వండి తీసుకెళ్లేదాన్ని. తింటూ గ్రూపులో గొడవలు చెప్పుకునేవారు. ఒకరోజు ఎవరో, నేనెప్పుడూ ఆ షేరు కొనమనలేదని అడ్డంగా వాదిస్తున్నాడట. వడ్డిస్తున్న నేను ఉండబట్టలేక, "బోనాలప్పుడు గాయనే కదా కొనమన్నది? మీరు బెండకాయ తినుకుంట చదివి నవ్విండ్రు" అన్నాను. వెతికితే దొరికింది. కిరణ్ చెంచా పక్కన పెట్టి, "అక్కా, వంటకు ఇంకెవల్నన్న చూసుకుంటం. నువ్వు ఈడ కూసో" అన్నాడు. నేను నిదానంగా చదువుతాను, అక్షరం అక్షరం కూడబలుక్కుని. చదివింది మరిచిపోను. ఆ పనికి అదే పనికొచ్చింది.

మా గ్రూపులో కట్టుబాట్లు ఎక్కువేం కావు. "కొనండి", "అమ్మండి" అని ఎవరూ రాయకూడదు. "నేను కొన్నాను, ఎందుకంటే" అని రాయవచ్చు. కొన్నానని రాసినవాళ్లు స్టాప్ లాస్ కూడా చెప్పాలి. రేటు ఎంతకు పడితే, నష్టమైనా సరే, వదిలేసి బయటికొస్తారో ఆ గీత. మూడోది అన్నిటికంటే పెద్దది. మొదలుపెట్టిన కథకు ముగింపు రాయాలి. లాభమొస్తే చాటింపు వేసి, నష్టమొస్తే నోరు కుట్టేసుకోవడం కుదరదు. లాభాలు మాత్రమే కనబడే చోట కొత్తగా వచ్చినవాళ్లు, ఇక్కడ అందరూ గెలిచేవాళ్లే కాబోలు అనుకుని ఇంట్లో ఉన్నదంతా తెచ్చి పోస్తారు.

ఎలా రాయాలో చూపించమని ఎవరైనా అడిగితే నేను యాదగిరన్న రాసినవి చూపించేదాన్ని. బాలానగర్‌లో ఏళ్ల తరబడి ఇనుము చెక్కే లేతు మిషన్ల షెడ్డు నడిపిన మనిషి. అప్పటికి పని కొడుక్కి అప్పజెప్పినా రోజూ షెడ్డుకు వెళ్లి కూర్చునేవాడు. ఏ కంపెనీ గురించి రాసినా ఆ సరుకును చేత్తో తిప్పి చూసినట్టే ఉండేది. "ఈళ్ల బేరింగులు మా షెడ్డుల వాడినం. ఇదివరకు గింత జల్ది అరగకపోయేటివి. నేనైతే దూరం" అని ఒకసారి రాశాడు. అంతే. డంబం లేదు, తిట్టు లేదు. ఎవరైనా తలాతోకా లేని ప్రశ్న వేసినా "మంచిగడిగినవ్ బిడ్డా" అని మొదలుపెట్టేవాడు. ఆయన ఉన్న పూట గ్రూపులో ఎవరూ గొంతు పెంచేవారు కాదు. నాకు సగం పని తగ్గేది.

ఆ వానాకాలం యాదగిరన్న ఒక పంపుల కంపెనీ షేరు కొన్నానని రాశాడు. కారణాలు రాశాడు, గీత కూడా గీశాడు. కొన్నాళ్లకు రేటు ఆ గీత కిందికి జారింది. ఇక అమ్మేశానని రాస్తాడని చూశాం. రాయలేదు. మిగతా విషయాలన్నీ మాట్లాడుతున్నాడు, కొత్తవాళ్లకు ఓపికగా జవాబులిస్తున్నాడు. పంపుల ఊసు మాత్రం ఎత్తడం లేదు.

పెద్దమనిషి మాట్లాడకపోతే జనమే ఆయన తరఫున మాట్లాడతారు. "అన్న అమ్మలేదంటే లోపలి సంగతేదో తెలుసు" అని ఒకరు. "పెద్దాయన లెక్క వేరే ఉంటది" అని ఇంకొకరు. కారణం లేకుండా ఒక్క ముక్క రాయనివ్వని మా గ్రూపులో, కారణం లేని నమ్మకం బూజులా పట్టేసింది.

అప్పుడే మాధవి నాకు విడిగా మెసేజ్ పెట్టింది. కాకినాడ అమ్మాయి, మా ఆఫీసుకు దగ్గర్లోనే ఉద్యోగం. గ్రూపులో అన్నీ చదివేది కానీ తనంతట తాను ఏమీ రాసేది కాదు. "సుగుణక్కా, యాదగిరి గారు ఇంకా ఉంచుకున్నారా అండి? ఆయన్ని చూసే నేనూ కొన్నాను. ఫ్లాటు అడ్వాన్సుకని దాచుకున్న డబ్బండి. రోజూ కరిగిపోతోంది. ఆయన అమ్మితే అమ్మేద్దామని చూస్తున్నాను."

నేను కిరణ్‌తో, యాదగిరన్నను అడగాల్సిందే అన్నాను. అతను తల పట్టుకున్నాడు.

"జర ఆగక్కా. ఆయన అలిగి పోతే ఆయన ఎనుక సగం మంది పోతరు."

"నష్టం దాచిండని మొన్న రాజేష్‌ను మ్యూట్ చేసినం కదా?" మ్యూట్ చేయడమంటే కొన్నాళ్లపాటు చదవడమే తప్ప రాయనివ్వకపోవడం.

"రాజేష్ వేరు, అన్న వేరు."

"ఒక్క బంతిల కూసున్నోళ్లకు ఒకనికి నెయ్యి, ఒకనికి నూనె పోస్తమా కిరణ్?"

"అబ్బ, నీతోని గాదు. అడుగు. గ్రూపుల గాదు గానీ, ఫోన్ చెయ్."

చేశాను.

"చెప్పు చెల్లె. ఇయ్యాల ఎవడు లొల్లి పెట్టిండు?" అన్నాడు యాదగిరన్న నవ్వుతూ.

"ఎవలూ పెట్టలే అన్నా. ఆ పంపుల ముచ్చట మీరు ముగించలే. అందుకే చేసిన."

వెనక లేతు తిరుగుతున్న చప్పుడు. ఆయన ఎటో నడిచాడు, తలుపు వేసినట్టుంది, చప్పుడు తగ్గింది.

"నన్ను గూడ అడుగుతవా?"

"మిమ్ముల అడగకుంటే ఇగ ఇంకెవల్ని అడిగే మొఖముంటది నాకు?"

"అమ్మలే చెల్లె. గీత దాటంగనే అమ్మాలె. రేపు లేస్తది, ఎల్లుండి లేస్తది అనుకుంట కూసున్న. అందరికి సుద్దులు చెప్పెటోడిని, నేనే గిట్ల చేస్తి. ఇప్పుడేమని రాయాలె? ఇజ్జత్ ఉంటదా?"

మాధవి పేరు చెప్పలేదు కానీ విషయం చెప్పాను. ఇల్లు కొనుక్కుందామని దాచుకున్న పైసలు పెట్టి, ఒక అమ్మాయి మీ కోసం చూస్తోందని.

"నా కోసమా? ఉంచుకొమ్మని నేనెప్పుడన్న చెప్పిన్నా?" గొంతు పెరిగింది.

"చెప్పలే అన్నా. మీరు ఏం చెప్పలేదనే ఉంచుకున్నది."

"పెట్టెయ్ చెల్లె" అన్నాడు, అంతే. కిరణ్ నా ముఖం చూసి, "పాయె?" అన్నాడు. "ఏమో" అన్నాను. ఆ రోజు యాదగిరన్న గ్రూపు వైపే రాలేదు. అంత మంచి మనిషిని నేనే తరిమేశానా అనుకుంటూ రాత్రి దాకా గ్రూపు తెరిచి తెరిచి చూశాను.

మర్నాడు మార్కెట్ తెరవకముందే ఆయన రాశాడు. నాకు ఇప్పటికీ నోటికొచ్చు.

"నేను గీసిన గీత నేనే దాటిన. తప్పు కంపెనీది గాదు, నాది. ఓడిపోయిన అని రాయనీకి మనసొప్పలే. నేను సప్పుడు చేయకుంటే నాకేదో తెలుసని మీరనుకుంటున్నరట. నాకేం తెల్వదు. ఇయ్యాల అమ్ముతున్న. నన్ను జూసి కొన్నా తప్పే, నన్ను జూసి అమ్మినా తప్పే. మీ కారణం మీరు ఎతుక్కోండ్రి."

నిదానంగా రెండుసార్లు చదివాను. ఆయన్ని అడిగి దాన్ని పిన్ చేశాను, గ్రూపులో అడుగుపెట్టిన ప్రతివాళ్లకూ ముందు అదే కనబడేలా. తర్వాత ఒక్కొక్కరే దాచుకున్న నష్టాలు రాయడం మొదలుపెట్టారు. రాజేష్ కూడా వచ్చాడు. "సుగుణక్కా, మ్యూట్ చేసినప్పుడు నిన్ను మస్తు తిట్టుకున్న. మాఫ్ చెయ్." అతను తిట్టుకున్న సంగతి నాకు అప్పటిదాకా తెలియనే తెలియదు. మాధవి ఆ పొద్దునే లెక్క చూసుకుని నష్టానికి అమ్మేసింది.

కథ ఇక్కడితో అయిపోతే చెప్పుకోవడానికి బాగుండేది. దసరా వెళ్లాక ఆ పంపుల షేరు మళ్లీ లేచింది, వాళ్లు కొన్న రేటును కూడా దాటింది. గ్రూపులో ఎకసెక్కాలు మొదలయ్యాయి. "అన్నా, సప్పుడు చేయకుండ కూసుంటే లాభమే ఉండె కదా! ఉత్తగనే చెంపలేసుకుంటివి" అని ఒకతను రాశాడు.

యాదగిరన్న జవాబు ఇది: "కండ్లద్దాలు లేకుండ లేతు నడిపినోనికి ఒకనాడు కన్ను పోకపోవచ్చు బిడ్డా. పోలేదని అద్దాలు పారేస్తమా?"

అప్పుడు నాకు మాధవి గుర్తొచ్చింది. ఆ రోజు నేను ఫోన్ చేయకపోతే ఆ పిల్ల డబ్బు దానికి ఉండేది కదా. నేనే ఫోన్ చేశాను.

"కడుపు మండిందక్కా, అబద్ధమెందుకండి" అంది. "రెండు రోజులు అన్నం కూడా సరిగ్గా తినలేదు. ఫ్లాటు మాట ఇప్పట్లో లేనట్టే. కానీ ఒకటాలోచించానండి. ఉంచుకుని ఉంటే, పెరిగాక కూడా ఆయనెప్పుడు అమ్ముతారా అని కాచుకుని కూర్చునేదాన్ని కదా!"

ఇంకొన్నాళ్లకు మాధవి మొదటిసారి గ్రూపులో రాసింది. ఏం కొన్నదీ, ఎందుకు కొన్నదీ, గీత ఎక్కడో. చిన్నగా, శుభ్రంగా రాసింది. యాదగిరన్న వచ్చి, "మంచిగ రాసినవ్ బిడ్డా, గానీ నీ కారణంల ఒక పొక్క ఉన్నది" అని ఆ చిల్లి ఎక్కడో చూపించాడు. అంతకుముందైతే ఆ ఒక్క మాటకే అమ్మేసి పారిపోయేది. "లేదండి, మీరు పోయినేడాది సంగతి చెప్తున్నారు, ఈ ఏడాది మారిందండి" అని నిలబడి వాదించింది. ఆయన మళ్లీ అడిగాడు, ఆమె మళ్లీ చెప్పింది. గ్రూపంతా చూస్తోంది. ఒక్కరూ మధ్యలో దూరలేదు.

ఆ పనిలో చేరిన కొత్తలో, తిట్లు తీసేస్తే, మోసగాళ్లను గెంటేస్తే గ్రూపు బాగుంటుందనుకునేదాన్ని. అది వాకిలి ఊడ్చడం వరకే. అందరూ నమ్మే మనిషి ఏం రాస్తున్నాడో ఎలాగూ అందరూ చదువుతారు. ఆయన ఏం రాయలేదో కూడా చదివి, వెళ్లి అడగాలి. అడిగినందుకు అలగకుండా అందరి ముందూ జవాబు చెప్పిన పెద్దమనిషి దొరకడం నా అదృష్టం. అలాంటివాళ్లు ఎక్కడైనా కొద్దిమందే.

ఆ రోజు వాదన చివర యాదగిరన్న ఇలా రాశాడు: "ఏమో, నువ్వే కరెక్టేమో. ఏది జరిగినా ముగింపు రాయి బిడ్డా."

"రాస్తానండి" అంది మాధవి.

రాసింది కూడా. ఆ సారి నష్టమే.