వేపపూత తుమ్ములకు వాతలా?

రమణా, నీ బిడ్డ సరోజది ఉత్త జలుబని పోయినసారి తేల్చేసి పోయినావు. జలుబు కాదప్పా. వేప పూస్తే వచ్చే తుమ్ములు, పూత రాలితే పోతాయని పెనుకొండ డాక్టరే చెప్పినాడు.

ఈ పొద్దు మీ చిన్నాయన ధర్మవరానికి గడప దాటంగానే సరోజ తుమ్మింది. అపశకునమని ఆయన వెనక్కొచ్చి కూర్చున్నాడు, బస్సు పోయింది. ఆ కోపంతో వాతలు పెట్టేవాణ్ణి పిలిపించినాడు.

"నుదుట ఒక్క వాత పడితే తుమ్ములు ఆగిపోతాయి వదినా!" అన్నాడు నాతో.

"ముందు నువ్వు పెట్టించుకోప్పా. నీ శకునాల పిచ్చి కుదిరితే, అప్పుడు బిడ్డ సంగతి చూద్దాం."

వచ్చినోడు కడ్డీ చంకన పెట్టుకుని పోయినాడు. నేను పట్టించిన పసుపుకొమ్ము పొగకు పెరిగిన తుమ్ములు డాక్టరు మాత్రకు తగ్గినాయి. మాత్ర నిద్ర తెప్పిస్తుంది, నిజమే. తోలు కాల్చదు కదా! వాత ఎవరికి కావాలో నువ్వే చెప్పు.

మాత్రలు అయిపోయినాయి, ఈడ దొరకలేదు. హిందూపురంలో కొని, బస్సులో వచ్చేవాళ్ల చేతికిచ్చి పంపు. సోమవారం మీ చిన్నాయన మళ్లీ బయల్దేరతాడు, అంతలోపల అందాల.