మౌనం పాటించని మేడం

మా పై అంతస్తు మేడం పోయారన్న కబురు నేను క్లినిక్‌లో ఉండగా వచ్చింది. దోహా అల్ సద్‌లో మా రిసెప్షన్ ఫోన్ పొద్దున్నుంచీ మోగుతూనే ఉంటుంది కాబట్టి అలవాటుగా ఎత్తి గుడ్ మార్నింగ్ అన్నాను. అవతల మేడం భర్త. "మీ అక్క లేవలేదమ్మా" అన్నారు. టీ కలిపి తీసుకెళ్ళి పిలిస్తే పలకలేదట. నిద్రలోనే గుండె ఆగిపోయింది. నా ఎదురుగా ఒక పెద్దాయన పంటి నొప్పితో దవడ పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయనకి టోకెన్ ఇచ్చి, కుర్చీ చూపించి, అప్పుడు వాష్‌రూమ్‌లోకి వెళ్ళి తలుపేసుకుని ఏడ్చాను.

ఇక్కడి తెలుగువాళ్ళందరికీ ఆవిడ మేడమే. నేను మాత్రం అక్కా అనేదాన్ని, ఆవిడ నన్ను చెల్లె అనేవారు. ఆవిడది తెలంగాణ, మాది గోదావరి జిల్లా. ఫరీజ్ అబ్దుల్ అజీజ్‌లో ఒకే బిల్డింగు, వాళ్ళు పైన, మేం కింద. మొదట్లో ఆవిడ మాట నాకు కొట్లాటలా వినిపించేది, నా మాట ఆవిడకి సాగదీసినట్టు వినిపించేదట. "నువ్వు ఒక్క మాట చెప్పే లోపల నా పప్పు ఉడుకుతది" అని ఏడిపించేవారు.

మీలో కొందరు సంతాప సభకి వచ్చే ఉంటారు. అక్కడ వేదిక మీద ఆవిడ గురించి విన్నది దయచేసి మర్చిపోండి. సౌమ్యురాలట. గట్టిగా మాట్లాడి ఎరగరట. ఎవరి మనసూ నొప్పించలేదట. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆవిడ చాలామందిని నొప్పించారు, కావాలనే నొప్పించారు. నొప్పించినందుకే కదా ఇదే తెలుగు సంఘం వాళ్ళు రెండేళ్ళు ఆవిడ ఇంటికి ఆహ్వాన పత్రిక కూడా పంపలేదు.

ఆవిడ సంచీలో ఎప్పుడూ ఒక నీళ్ళ ఫ్లాస్కు, స్టీలు గ్లాసు ఉండేవి. ఇక్కడి ఇండియన్ స్కూల్లో టీచరు. స్కూలు బస్సు డ్రైవరైనా, రోడ్డు తవ్వుతున్న కూలీ అయినా, నాలాగా ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చిన మనిషైనా, "ముందుగాల నీళ్ళు తాగు, తర్వాత చెప్పు" అనేవారు. తాగుతున్నంతసేపూ మన చేతుల వంక చూస్తూ ఉండేవారు. ఇక్కడి ఎండలకి దడిసి అలా చేస్తారనుకున్నాను చాలాకాలం. అసలు సంగతి ఒక శుక్రవారం మా వంటింట్లో మెంతికూర ఒలుస్తూ చెప్పారు.

ఇక్కడికి రాకముందు ఆవిడ మన దగ్గర ఒక విశ్వవిద్యాలయంలో లెక్చరరు. విద్యార్థి సంఘాల ఎన్నికల రోజులు. రెండు వర్గాల మధ్య గొడవ ముదిరింది. ఎవరో బయటి నుంచి తపంచా, అదే నాటు తుపాకీ, తెచ్చారు. ఈవిడ లైబ్రరీ మెట్ల మీద ఉన్నారు. మెట్ల పక్కనే నల్లా. అక్కడ ఆవిడ క్లాసు పిల్లాడొకడు దోసిలి పట్టి నీళ్ళు తాగుతున్నాడు. వాడు ఏ వర్గమూ కాదు. కాల్చింది వాణ్ణి కాదు కూడా. కానీ గుండు వాడికే తగిలింది. పరుగెత్తుకెళ్ళి తల ఒళ్ళో పెట్టుకునే సరికే ప్రాణం పోయింది. నల్లా ఇంకా కారుతూనే ఉందని చెప్పి, మెంతికూర కట్ట పక్కన పెట్టేశారు.

ఆ తర్వాత విశ్వవిద్యాలయం చేసిన పనులు వినండి. ముందు హాస్టళ్ళు ఖాళీ చేయించారు. పిల్లలు ట్రంకు పెట్టెలు నెత్తిన పెట్టుకుని బస్టాండు దారి పట్టారు. క్యాంపస్‌ని నిరవధికంగా మూసేశారు. మళ్ళీ తెరిచేనాటికి గేటు ఎత్తు పెంచారు, కార్డు లేనిదే లోపలికి రానివ్వలేదు, ఆ నల్లా పీకించి దాని చోట పూలకుండీలు పెట్టారు. తపంచా ఏ గేటులోంచి వచ్చిందో మాత్రం ఎవరూ చెప్పలేదు. చెప్పే అవసరం లేకుండా ఒక ప్రకటన ఇచ్చారు. చనిపోయిన విద్యార్థి ఘర్షణకు దిగిన ముఠాలలో ఒకదానికి చెందినవాడు అని. రౌడీ పిల్లాడు రౌడీ గొడవలో పోతే ఇక ఎవరు జవాబు చెప్పుకోవాలి?

ఊరు అంతకంటే బాగుందని అనుకోకండి. ఒకరోజు దుకాణాలు మూశారు. ఒక పార్టీ వాడి ఫొటో గోడలకి అంటించి అమరవీరుడంది. ఇంకో పార్టీ గూండా అంది. వాడేం చదువుతున్నాడని అడిగినవాళ్ళు లేరు. క్యాంపస్‌లో సంతాప సభ జరిగింది. అందరూ లేచి రెండు నిమిషాలు మౌనం పాటించారు, కూర్చున్నారు, టీ బిస్కెట్లు వచ్చాయి. "మౌనమంటే నాకు అప్పుడు తెలిసింది చెల్లె. నోరు మూసుకొమ్మనుడే. లేచి నిలబడి మూసుకొమ్మనుడు, అంతే" అన్నారు మేడం.

విచారణ సంఘం ముందు ఆవిడ చూసింది చూసినట్టు చెప్పారు. భయంలో ఉన్నారు, సరిగ్గా చూసి ఉండరు, ఇంటికెళ్ళి విశ్రాంతి తీసుకోండని సలహా ఇచ్చారు పెద్దలు. ఆవిడ మాట నివేదికలో ఎక్కడా లేదు. ఆవిణ్ణి దూరంగా ఒక చిన్న సెంటరుకి బదిలీ చేశారు. రోజూ కలిసి టీ తాగే లెక్చరర్లు ఈవిడ వస్తుంటే టేబులు మార్చేవారట. ఎన్నేళ్ళు పిలిచినా ఉద్యోగం వదిలి దోహాకి రానన్న మనిషి, రాజీనామా పడేసి భర్త దగ్గరికి వచ్చేశారు.

రావడానికి ఇంకో కారణం ఉంది. పిల్లాడి ఊరికి వెళ్ళి వాళ్ళమ్మని పలకరించినప్పుడు తండ్రి దుబాయ్‌లో ఉన్నాడని చెప్పారు. పక్కింటాయన బయటిదాకా సాగనంపుతూ, ఇక్కడ అందరూ దుబాయ్ అనే అంటారు గానీ ఆయన ఉండేది ఖతర్‌లో, ఒక అరబ్బు ఇంట్లో డ్రైవరు అని సరిచేశాడు. కొడుకు చివరిచూపుకి కూడా ఆ తండ్రికి సెలవు దొరకలేదు. విశ్వవిద్యాలయం చెప్పిన ముక్కే ఫోన్లో ఎవరో చదివి వినిపించారు.

ఇక్కడికి వచ్చాక శుక్రవారం సాయంత్రం అయితే చాలు, మనవాళ్ళు గుంపులుగా చేరే బజారుకి బయల్దేరేవారు. తెలుగు మాట వినపడితే ఆగి, తమ్మీ మీది ఏ ఊరు అని అడగడం. ఉక్కపోతలో ఈ వెతుకులాటేమిటని భర్త విసుక్కునేవారు గానీ పక్కనే నడిచేవారు. రెండో చలికాలంలో ఆ తండ్రి దొరికాడు.

మా ఇంట్లోనే కూర్చోబెట్టాం. ఒంటరిగా చెప్పాలంటే భయంగా ఉందని, మేడం నన్ను కూడా ఉండమన్నారు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కాలో ఆయన కుర్చీ అంచున కూర్చున్నాడు. కొడుకు పేరెత్తగానే తల దించేశాడు. ఎవరినో కొట్టబోయి చచ్చాడని చెప్పారట ఆయనకి. అప్పట్నుంచీ పిల్లలెందరని ఎవరైనా అడిగితే ఒక్కతే బిడ్డ అని చెప్పుకుంటున్నాడు. కొడుకుని లెక్కలోంచి తీసేశాడు. సిగ్గుతో.

మేడం లేచి మా సింకు దగ్గరికి వెళ్ళారు. నల్లా తిప్పి, వంగి, దోసిలి పట్టారు. "ఇట్ల ఉండె అన్నా. కొట్లాట దిక్కు వీపు పెట్టి, ఇట్ల నీళ్ళు తాగుతుండె. నేను చూసిన."

ఆయన ఆ చేతుల వంక చూశాడు. ఒక్కటే అడిగాడు. "తాగిండా మరి?"

"తాగిండు. కడుపునిండ తాగిండు" అన్నారు మేడం.

ఆయన వెళ్ళాక, అక్కా నిజంగా తాగాడా అని అడిగాను. నాకేం తెలుసు చెల్లె అని గ్లాసులు కడగడానికి వెళ్ళిపోయారు. ఆవిడ చూడకుండా చెప్పిన మాట, నేనెరిగినంతలో, అదొక్కటే.

ఆ తర్వాత డ్యూటీ లేని ప్రతి శుక్రవారం ఆ తండ్రి వచ్చేవాడు. మేడం నీళ్ళు ఇచ్చి, నీ కొడుకు గురించి ఒక్కటి చెప్పమనేవారు. మొదట్లో ఆయనకి ఏమీ తోచేది కాదు పాపం. పిల్లాడు చిన్నగా ఉన్నప్పుడే తను ఇక్కడికి వచ్చేశాడు, సెలవుల్లో చూసిందే చూడటం. ఒక రోజు ఉన్నట్టుండి గుర్తొచ్చింది. సెలవు అయిపోయి తను బయల్దేరే ముందు వాడు తండ్రి చెప్పులు తెచ్చి తన తలకింద పెట్టుకుని పడుకునేవాడట, చెప్పుల్లేకపోతే నాన్న వెళ్ళలేడని. ఆ మాట చెప్పి నవ్వాడు. నవ్వుతూనే మొహం కప్పుకున్నాడు. మేడం ఏమీ ఓదార్చలేదు, ఇంకోటి చెప్పు అన్నారు.

స్కూల్లోనూ అదే పద్ధతి. బస్సు క్లీనరు జబ్బుచేసి పోయినప్పుడు అసెంబ్లీలో మౌనం పాటించమన్నారు. ఆవిడ తన క్లాసుని వరండాలోకి తీసుకెళ్ళి, ఆయన గురించి తలా ఒకటి చెప్పుండ్రి అన్నారు. మా అమ్మాయి అదే క్లాసు. మెట్టు ఎక్కేటప్పుడు నా సంచీ పట్టుకునేవాడు అని చెప్పిందట. ఒకడు, నన్ను పేరుపెట్టి పిలిచేది ఆయనొక్కడే అన్నాడట. క్రమశిక్షణ చెడగొట్టారని స్కూలు నుంచి మెమో వచ్చింది. ఆవిడ దాన్ని మడిచి, ఊగే టేబులు కాలికింద పెట్టుకున్నారు.

ఇక మన సంఘం ఘనకార్యం. ఆ కాల్పుల నాడు విశ్వవిద్యాలయాన్ని నడిపిన పెద్దాయన రిటైరయ్యాక ఇక్కడికి వచ్చారు. ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళు శాలువా కప్పారు, పొగిడారు. ప్రశ్నలుంటే అడగమన్నారు. మేడం లేచి, ఆ పిల్లవాడు రౌడీ కాదని ఇప్పుడన్నా చెప్తరా సార్, వాళ్ళ నాయన ఇదే ఊళ్ళ ఉన్నడు అని అడిగారు. మైకు ఆగిపోయింది. కరెంటు పోలేదు, ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి. మన కార్యదర్శి వచ్చి, పరాయి దేశంలో ఈ పాత గొడవలు ఎందుకండీ అని భుజం దగ్గర గుసగుసలాడాడు. ఆ పెద్దాయన మంచినీళ్ళు తాగి, తర్వాతి ప్రశ్న అన్నారు.

మేడం ఆ రోజు ఇంటికొచ్చి నా ముందు ఏడ్చారు. "ఒక్క మాట చెప్తే ఆయనదేం పోతుండె చెల్లె? ఒక్క మాట అడుక్కుంటున్న ఇన్నేండ్ల సంది" అన్నారు. అడుగుతూనే ఉన్నారు. ఉత్తరాలు రాశారు, ఫోన్లు చేశారు. ఆ మాట రాలేదు. ఆవిడే పోయారు.

శవాన్ని ఊరికి పంపాక సంఘం వాళ్ళు అల్ సద్‌లో సభ పెట్టారు. పెద్ద ఫొటో, దండ. రెండేళ్ళు వెలివేసిన నోళ్ళే సౌమ్యురాలని కళ్ళొత్తుకున్నాయి. చివరికి కార్యదర్శి చేతి గడియారం చూసుకుంటూ, అందరూ లేచి రెండు నిమిషాలు మౌనం పాటించవలసిందిగా కోరాడు. లేచాం. నేనూ లేచాను.

వెనక వరసలోంచి ఎవరో మాట్లాడటం మొదలుపెట్టారు. అందరం తిరిగి చూశాం. తెల్లచొక్కా, చేతిలో కారు తాళాలు.

"నా కొడుకు రౌడీ కాదు" అన్నాడు ఆయన. "ఐదేండ్లు నాకు కొడుకే లేడని చెప్పుకున్న. వాడు ఎట్ల సచ్చిండో నాకు చెప్పింది ఈ మేడం ఒక్కతే. సచ్చినోళ్ళ గురించి తలా ఒకటి చెప్పమనేది. నేను చెప్తున్న."

కార్యదర్శి పెదవుల మీద వేలు పెట్టి సైగ చేశాడు. ఆయన చూడనైనా లేదు. కొడుకు పేరు చెప్పాడు, ఊరు చెప్పాడు, చెప్పుల సంగతి చెప్పాడు. మేడం తనకి నీళ్ళు ఇచ్చిన సంగతి చెప్పాడు. రెండు నిమిషాలు ఎప్పుడు దాటిపోయాయో తెలియదు. ఇక కూర్చోవచ్చని చెప్పాల్సిన మనిషి గడియారం చూడటం మానేశాడు. ఎవరూ కూర్చోలేదు.

"లైబ్రరీ కాడ నల్లా ఉంటదట" అన్నాడాయన. తాళాలు జేబులో వేసుకుని, కొంచెం వంగి, రెండు చేతులూ కలిపి దోసిలి పట్టాడు. "ఇట్ల తాగుతుండె."

హాలు నిండా మనుషులం నిలబడి ఆ ఖాళీ దోసిలి వంక చూస్తున్నాం. ఆయన చేతులు దించలేదు.