కత్తిరి ఎండలో చప్పిడిముక్కు కుక్క

నా చిన్నప్పుడు మే నెలలో కత్తిరి ఎండలు వచ్చాయంటే రేణిగుంట రైల్వే కాలనీలో పన్నెండు దాటాక కాకి కూడా కనిపించేది కాదు. ఒక వేసవి సెలవుల్లో నన్ను మా పెద్దమ్మ దగ్గర ఉంచారు. ఆమె ఒక రైల్వే ఆఫీసరు బంగళాలో వంట చేసేది. పెదనాన్న పోయినప్పటి నుంచీ ఆ బంగళా వెనక ఉన్న ఒంటిగదే ఆమె ఇల్లు. చీకటితో మొదలైన పని రాత్రి దాకా తెమిలేది కాదు. పెద్దమ్మను తలచుకుంటే ఇప్పటికీ చెమట తుడుచుకునే ఆ కొంగే ముందు గుర్తొస్తుంది.

ఆ ఏడాది ఆఫీసరు కుటుంబం ఊటీకి వెళ్తూ తమ కుక్కను పెద్దమ్మకు అప్పగించింది. దాని మూతి ఎవరో లోపలికి నొక్కేసినట్టు ఉండేది. ముక్కు ఉందా అంటే ఉంది, లేదా అంటే లేదు. పడుకుంటే మా తాతయ్య కంటే పెద్దగా గురక పెట్టేది. నేను పడీపడీ నవ్వేదాన్ని. పెద్దమ్మ నవ్వేది కాదు.

"దానికి గాలి సాలదు పాపా. మూతి పొడుగున్న కుక్కయితే నాలిక సాపి వేడి పోగొట్టుకుంటాది. దీనికి ఆ దోవ ఇరుకు" అనేది.

తెల్లవారకముందే దాన్ని బయట తిప్పి తెచ్చేది. మెడకు తాడు కట్టకుండా పాత చీర అంచు చించి రొమ్ము చుట్టూ కట్టేది. పొద్దెక్కితే వంటింటి బండల మీద నీళ్లు చల్లి పడుకోబెట్టేది. ఎండలోకి మాత్రం తీసుకెళ్లొద్దని నాకు రోజూ చెప్పేది. రోజూ చెప్పే మాట పిల్లల చెవికెక్కుతుందా?

ఒక మధ్యాహ్నం ఆమె గడప మీద తల ఆనించి కునుకు తీసింది. స్టేషను దగ్గరి పిల్లలకు కుక్కను చూపించి గొప్పలు పోదామని నేను దాన్ని తీసుకుని బయలుదేరాను. నా కాళ్లకు చెప్పులున్నాయి, దానికి లేవు. ఆ సంగతి నాకు తోచలేదు. తారురోడ్డు దాటేలోపే దాని నడక తడబడింది. ఎలాగో వెనక్కి తెచ్చేసరికి నాలుక నీలంగా మారిపోయి, గొరగొరమంటూ వంటింట్లో కూలబడింది.

నాకు తెలిసిన వైద్యం ఒక్కటే. మా ఇంట్లో తాగేనీళ్ల కుండకు తడిగోనె చుట్టేవాళ్లు. నీళ్లు జిల్లుమనేవి. కుక్కకూ అంతే అనుకుని గోనెసంచి తడిపి తల నుంచి తోక దాకా కప్పేశాను. కాసేపటికి లోపల అది కదలడం మానేసింది. చల్లబడుతోందని సంతోషించాను కూడా.

అలికిడికి లేచిన పెద్దమ్మ ఒక్క ఊపున గోనె లాగేసింది. కింద ఇడ్లీ పాత్ర మూత తీసినట్టు ఆవిరి. కుక్కను గాలి తగిలే గుమ్మంలోకి జరిపి, పొట్ట మీదా కాళ్ల మీదా నీళ్లు కొద్దికొద్దిగా పోసింది. నేను చెంబుతో మజ్జిగ తెస్తే చెయ్యి అడ్డం పెట్టింది.

"ఊపిరే ఆడనిదానికి నోట్లో పోస్తే పొలమారతాది. విసురు" అంది.

విసనకర్ర అందుకుని విసిరాను. చేతులు పడిపోతున్నా విసురుతూనే ఉన్నాను. అది చచ్చిపోతే పెద్దమ్మ పనీ పోతుంది, తలదాచుకునే గదీ పోతుంది. ఆ మాత్రం నాకూ తెలుసు. చాలాసేపటికి దాని నాలుకకు ఎరుపు తిరిగింది. తలెత్తి, గిన్నెలో నీళ్లు తనంతట తానే నాకింది.

నన్ను కొడుతుందనుకున్నాను. ఆమెకు ఆ ఓపిక కూడా మిగల్లేదు. గోడకు చేరగిలబడి, "కుండకు ఊపిరితో పన్లేదు పాపా. దీనికి ఉండాది. నువ్వు మంచే సేయాలనుకున్నావు గానీ, దానికేం కావాల్నో సూడలేదు" అంది.

వారానికి ఆఫీసరు భార్య తిరిగి వచ్చింది. కుక్క హుషారుగానే ఉంది కానీ పాదాల కింద చర్మం ఊడి కొత్త చర్మం వస్తోంది. దీన్ని ఎండలో ఎవరు తిప్పారని ఆమె అడిగినప్పుడు నేను తలుపు పక్కనే ఉన్నాను.

"నేనేనమ్మా, మతిలేక తిప్పినాను" అంది పెద్దమ్మ.

నెలాఖరుకు గది ఖాళీ చేయమన్నారు. మూటలు మోసుకుని నడుస్తున్నప్పుడు ఎందుకలా చెప్పావని అడిగాను. "నీ పేరు సెప్తే మాత్రం గది నిలస్తాదా" అంది. కోపంగా అనలేదు. అలసటగా అంది.

ఇప్పుడు మా వీధిలో అలాంటి చప్పిడిముక్కు కుక్కలు నాలుగున్నాయి. ఎండలు ముదిరితే రోడ్డు మీద అరికాలు ఆనించి చూస్తాను. నా కాలు ఓర్వలేకపోతే, పొద్దు వాలేదాకా బయటికి తేవద్దని ఆ ఇళ్లవాళ్లకు చెప్పి వస్తాను. ముసలిదాని చాదస్తం అనుకుంటారు. అనుకోనీ. ఎదుటివాళ్లకు మేలు చేయబోయే ముందు వాళ్లకు ఊపిరి ఆడుతోందో లేదో చూడటం నాకు పెద్దమ్మ నేర్పింది. అది నేర్చుకున్నాను. తప్పు నాదని చెప్పడం మాత్రం ఆ రోజు నాకు చేతకాలేదు. పెద్దమ్మ ఆ తర్వాత చుట్టాల ఇళ్లలోనే బతుకు వెళ్లదీసింది. పోయేదాకా ఒక్కసారి కూడా ఆ మాట ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు. ఆమె వినే రోజుల్లో చెప్పి ఉండాల్సింది.