గోప్యా మేపిన తల్లిచేపలు

మా ఆయనతోని వేగలేక నా తల పగిలిపోతున్నది. పేరు గోప్యా. నడిగూడెం దగ్గర చేపపిల్లలు పుట్టించే చెరువుల కాడ కావలి, మేత ఆయన పని. ఆయనకున్న రోగం ఒక్కటే: ఎవరూ ఆకలితోని ఉండొద్దు. కరెంటు బిల్లు తీసేటోడొచ్చినా రొట్టె తినిపియ్యకుండ పంపడు. వద్దన్నోనికి ఇంకోటి ఎక్కువ. మనుషులైతే లేసి పోతరు. చేపలు యాడికి పోతయి?

చెరువు ఓనరు విజయమ్మది కోదాడ. నెత్తీ నోరూ కొట్టుకొని చెప్పింది: "గోప్యా, తల్లిచేపలకి కొలిచి పెట్టు. తవుడు ఎక్కువైతే కొవ్వు పడుతుంది, గుడ్డు పట్టదు. వేరుశెనగ చెక్క, చేపపొడి కలిపిన దాణా చాలు." ఈయన తలూపిండు. ఆమె కారు మలుపు తిరగంగనే మిర్యాలగూడ మిల్లు తవుడు బస్తా విప్పిండు. "నీకేం ఎరుక పార్వతీ, తల్లులయ్యేటివి. ఇద్దరి తిండి తినాలె" అని నాకే సుద్దులు! మా తండాల కడుపుతోని ఉన్న పిల్లకు ఇంటింటి నుంచి గిన్నెలొస్తయి. చేపకు గూడ అదే మర్యాద అనుకున్నడు.

పోయిన వానకాలం గుడ్లకని సూదులేసిన్రు. ఒక్క చేప పెడితే ఒట్టు. విజయమ్మ అన్నిట్ల పెద్దదాన్ని కోయించింది. మా ఆయన అడుగుల సప్పుడుకు అందరికన్న ముందు ఒడ్డుకొచ్చేది అదే. కడుపు నిండ తెల్లటి కొవ్వు. గుడ్ల తిత్తి నా చిటికెనవేలంత.

"చూశావా? వచ్చే ఏడు కూడా ఇంతే అయితే మిగిలినవన్నీ కోదాడ మార్కెట్టుకి తోలేస్తాను" అన్నది.

"నేను మొత్తుకుంటే విన్నవా? నువ్వే సంపినవ్" అని నేనూ అన్న. ఆ పొద్దు ఈయన అన్నం ముట్టలే. ఎందుకన్ననా అని నాకే బాధయింది.

తెల్లారి తవుడు అర్ర తాళంచెవి నా చేతుల పెట్టిండు. "నేనడిగినా ఇయ్యకు."

ఇగ నాకు కొత్త పరేషాన్. కొలిచిన దాణా అయిపోయినంక గూడ ఈయన గట్టు మీద నడిస్తే చాలు, చేపలు నోర్లు తెరుసుకొని ఒడ్డుకొస్తయి. అది సూసి తట్టుకోలేడు. ఏం జేసిండో ఎరుకేనా? సప్పుడు ఇనబడొద్దని చెప్పులు చేతుల పట్టుకొని, దొంగ లెక్క, ఎండకు కాలిన గట్టు మీద వట్టికాళ్లతోని నడుసుడు! అరికాళ్లు పొక్కినయి. "అటు దిక్కు పోకుంటే అయిపాయె కదయ్యా" అంటే, "సూడకుంటె ఎట్లనే?" అంటడు. ఆముదం రాసి రాసి నా చేతులు గుంజినయి.

ఈ ఏడు వాన పడ్డది, మళ్ల సూదులేసిన్రు. తెల్లారేసరికి తొట్ల నిండ గుడ్లే గుడ్లు.

"బతికించావు గోప్యా. ఇక వీటిని ఎక్కడికీ పంపను" అన్నది విజయమ్మ. మా ఆయన ఆడ్నే గట్టు మీద కూలబడి ఎక్కెక్కి ఏడ్సిండు. నాకూ కండ్లల్ల నీళ్లు తిరిగినయి, అబద్ధమెందుకు.

కండ్లు తుడుసుకొని నా దిక్కు చెయ్యి చాపిండు.

"పార్వతీ, జర ఆ తాళంచెవి ఇటియ్యి. బాలింతలు పాపం. ఒక్క దోసెడే."