మేకల అవ్వను చంపిన వీరుడు

నేను తొమ్మిదో తరగతి చదివే రోజుల్లో ఎల్లారెడ్డిలో మా వాడ మొత్తానికి కంప్యూటర్ ఉన్న ఇల్లు మాదొక్కటే. బాపు అటెండరుగా పనిచేసే ఆఫీసులో పాత సామాను వేలం వేస్తే, కుర్చీల కోసమని వెళ్లి కంప్యూటర్‌తో తిరిగొచ్చాడు. అమ్మ రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. ముందు వాడినవాళ్లెవరో అందులో ఒక గేమ్ వదిలేసి పోయారు. ఒక కత్తివీరుడు ఏడు ఊళ్లు దాటి, కొండ మీది కోట చేరి, దుర్మార్గుడైన రాజు పీడ వదిలించాలి. దారిలో కనిపించే జనం ఇంగ్లిష్‌లో ఏదో చెబుతారు. అది చదివి, ఏం జవాబివ్వాలో, ఏం చెయ్యాలో మనమే తేల్చుకోవాలి.

ఆ ఇంగ్లిష్ నాకు ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. ఆ సంగతి ఎవరికీ తెలియకుండా దాచడమే ఆ గేమ్‌లో నేను సాధించిన మొదటి విజయం.

అక్క నాకన్నా మూడేళ్లు పెద్దది. పదో తరగతితో చదువు ఆపి అమ్మతో పాటు బీడీలు చుట్టేది. ఒళ్లో చాట పెట్టుకుని, నా కుర్చీ పక్కనే కింద కూర్చుని, ఆకు మడుస్తూ తెర వైపు చూసేది. ఆమె చేతులకు తీరిక లేదు గనుక మౌస్ నా చేతిలో ఉండేది. ఈ ఏర్పాటులో ఏదైనా తేడా ఉందేమోనన్న అనుమానం నాకు కలలో కూడా రాలేదు.

"ఆ ముసలామె ఏమంటున్నదిరా?" అని అడిగేది.

"మంత్రగత్తె అక్కా. మన పానం తీస్తనంటున్నది," అని తడుముకోకుండా చెప్పి, మాటలు పూర్తిగా రాకముందే ఎంటర్ నొక్కి కత్తి దూసేవాణ్ణి. ముసలామె కూలిపోయేది.

"పీడ పోయింది," అనేది అక్క, దారం చుడుతూ.

అలా ఏడు ఊళ్లూ ఊడ్చేశాను. జాలరి, కమ్మరి, వంతెన కాపలావాడు, నా కథలో అందరూ రాజుగారి గూఢచారులే. చివరికి రాజునూ చంపాక వీరుడు సింహాసనం మీద కూర్చున్నాడు, బాకాలు మోగాయి, తెర మీద బంగారు అక్షరాల్లో ఒక వాక్యం వచ్చింది. చూడ్డానికి గొప్పగా ఉందని దాన్ని నోట్‌బుక్కు అట్ట మీద, నా పేరు కింద, రంగు పెన్నులతో రాసుకున్నాను. అక్కకు మాత్రం, "జనమంతా జేజేలు కొడుతున్నరు," అని అనువదించాను.

ఇప్పుడు నేను ఇంగ్లిష్ టీచర్ని. నవ్వకండి. కామారెడ్డిలో కాపురం, ఎల్లారెడ్డిలో బడి. రోజూ బస్సెక్కి వెళ్లి, అర్థం కాని పాఠానికి అర్థమైనట్టు తలలూపే పిల్లల్ని పట్టుకుని మందలించి వస్తుంటాను.

మొన్నటి ఎండాకాలం సెలవుల్లో అక్క కాలు విరిగింది. ఆమెకు బిచ్కుందలో బట్టల దుకాణం ఉంది. పై అరలోని చీరల మూట దించబోయి స్టూలు మీంచి పడింది. కామారెడ్డిలో కట్టు వేసిన డాక్టరు ఆరు వారాలు కాలు కింద పెట్టొద్దనడంతో మా ఇంట్లోనే ఉండిపోయింది. తెలుగు, మరాఠీ, కన్నడ మూడింట్లోనూ బేరమాడే మనిషికి మంచం మీద ఊరికే కూర్చోవడం శిక్షే కదా. నాలుగో రోజు టీవీ కట్టేసింది.

"తమ్మీ, చిన్నప్పుడు ఆడుతుంటివి చూడు, కత్తి పట్టుకొని తిరిగేటోడు. గది ఇప్పుడు దొరకదా?"

దొరికింది. లాప్‌టాప్‌లో ఎక్కించి, వీరుణ్ణి మొదటి ఊరి పొలిమేరలో నిలబెట్టి, అలవాటుగా మౌస్ మీద చెయ్యేశాను.

"ఇటియ్యి," అంది అక్క. "ఇరిగింది కాలు. చేతులు మంచిగనే ఉన్నయి. నువ్వు సదివి చెప్పు, ఇంగ్లిష్ సార్‌వి కదా."

ఊళ్లోకి అడుగు పెట్టగానే ముసలామె ఎదురైంది. తెర మీద మాటలు వచ్చాయి. చదివాను. మళ్లీ మొదటి నుంచి చదివాను.

"ఏమంటున్నది?"

"ఏం లేదక్కా."

"గంత పొడుగు రాసి ఉంటే ఏం లేదంటవేంది?"

"మోకాళ్ల నొప్పులట. మేక తప్పిపోయిందట. జర దేవులాడి తెస్తవా బిడ్డా అంటున్నది."

అక్క మెల్లగా నా వైపు తిరిగింది. "గప్పుడు మంత్రగత్తె అన్నవ్ కదరా?"

"అప్పుడు నాకు ఇంగ్లిష్ రాకుండె. ఊహించి చెప్పిన."

"ఊహించి ముసలామెను సంపినవా?"

ఇక నవ్వు మొదలైంది. కట్టు వేసిన కాలు అదిరి 'అబ్బా' అంటూనే నవ్వింది. వంటింట్లోంచి వచ్చిన నా భార్య సంగతి విని, స్టవ్ ఆపేసి మరీ వచ్చి కూర్చుంది.

"మరి ఆఖరుకు బంగారు అక్షరాలొచ్చె చూడు, అండ్ల ఏమున్నది?" అని అడిగింది అక్క.

ఆ వాక్యం నాకు ఇప్పటికీ నోటికొచ్చు. ఇన్నేళ్లుగా ఇంగ్లిష్ చెబుతూ ఒక్కసారి కూడా దాని అర్థం గురించి ఆలోచించలేదు. అప్పుడు ఆలోచించాను.

"ఏలడానికి ఇక ఎవరూ మిగల్లేదు. గదీ అర్థం."

"అట్ట మీద రాసుకున్నది గిదేనా? మీ సారు సూడలే?"

"సూసిండు. చేతిరాత మంచిగున్నదన్నడు."

మర్నాటి నుంచి అక్క ఆట సాగింది. ఏమీ కొనకుండా పోయే గిరాకీతో కూడా కుశలమడిగే మనిషి గనుక, ప్రతి ఊళ్లో ప్రతి గడపా తొక్కింది. నా వీరుడు కత్తి ఒరలోంచి తియ్యలేదు. మేకను తోలుకొచ్చాడు. జాలరికి వల దారం మోశాడు. కమ్మరి పెళ్లాం అలిగి పుట్టింటికి పోతే రాయబారం నడిపాడు. ప్రతి మాటా నేను చదివి తెలుగులో చెప్పాలి.

"ఇది యుద్ధమా, పంచాయితీనా?" అని సణిగాను.

"నువ్వు ఏడు ఊర్లు దాటినవ్. ఒక్క ఊరికన్నా మల్ల పోయే ముఖం ఉండెనా నీకు?" అంది తెర మీంచి చూపు తిప్పకుండా.

ఏడో ఊరు దాటాక, కోటకు పోయే వంతెన దగ్గర ఆట ఆగింది. కాపలావాడు ఎవరినీ దాటనివ్వడు, కారణం చెప్పడు. రెండు రోజులు అక్క వీరుడి చేత వాణ్ణి పలకరింపజేసింది. మూడో రోజు ఆమె స్నానానికి వెళ్లిన పది నిమిషాల్లో, సాయం చేద్దామని, వాణ్ణి పొడిచేశాను. అక్క కర్రల సాయంతో తిరిగొచ్చి చూసేసరికి ఏ ఊళ్లో చూసినా తలుపులన్నీ మూసి ఉన్నాయి. మొదటి ఊరి మేకల అవ్వ కూడా మాట్లాడలేదు.

"ఏమైంది వీళ్లకు?"

"ఏమో," అన్నాను.

"మీ తమ్ముడే వదినా, కాపలా ఆయన్ని పొడిసిండు," అంది నా భార్య.

అక్క ఈసారి నవ్వలేదు. "నిన్న ఎక్కడున్ననో అక్కడికి తీస్కపో," అంది. ముందురోజు సేవ్ చేసిన చోటు నుంచి ఆట తెరిచి ఇచ్చాను. లాప్‌టాప్ తీసి మంచానికి అటు పక్కన, నాకు అందనంత దూరంలో పెట్టుకుంది. నలభై దగ్గరపడుతున్న మనిషిని, నిజంగానే మనసు కష్టపెట్టుకున్నాను.

మర్నాడు కాపలావాడు నోరు విప్పాడు. కొడుకును రాజు కోటలో పనికి పట్టుకుపోయాడట. కబురు లేదట. అక్క అతని ఉత్తరం తీసుకుని వంతెన దాటింది. కోట చేరాక తలుపు లోపలి నుంచి ఆ కొడుకే తీశాడు. రాజు ఎంత అరిచినా ఒక్క సైనికుడూ కదల్లేదు, వాళ్లంతా ఆ ఏడు ఊళ్ల పిల్లలేనట. కిరీటం మెట్ల మీద పెట్టి, తలదించుకుని బయటికి నడిచాడు. పోరాటం లేదు, బాకాలు లేవు. ఎవరెవరు తర్వాత ఎలా బతికారో చెప్పే పొడుగాటి జాబితా వచ్చింది. అక్క మొత్తం చదివించింది.

"అవ్వ మోకాళ్లు తగ్గినయా?"

"అది రాయలేదక్కా."

"అసలుది రాయరు," అని పెదవి విరిచింది.

నాకు మాత్రం అసూయగా ఉంది. నేను గెలిచానని ఇన్నేళ్లు చెప్పుకు తిరిగిన గేమ్‌ను నేను అసలు ఆడనేలేదు, తగలబెట్టానంతే.

కట్టు విప్పాక బావ వచ్చి ఆమెను బిచ్కుంద తీసుకుపోయాడు. రెండు వారాల తర్వాత ఫోన్ వచ్చింది.

"తమ్మీ, నా బిడ్డ లాప్‌టాప్‌ల గూడ గా గేమ్ ఎక్కిచ్చుకున్న."

"మల్ల అదేనా?"

"అదే గని, ఈసారి దొంగ లెక్క ఆడుతున్న. అవ్వ మేకను నేనే కొట్టేసిన. మంచిగుండుడు ఒక్కసారి సాలు."

"మరి మాటలెవరు సదివి చెప్తున్నరు?"

"నా బిడ్డ. నీ లెక్క నీళ్లు నమలది. ఉంటా, గిరాకొచ్చింది."