గేటు దగ్గర పాల బకెట్

రాజనర్సు గేదె రెండు పూటలా పాలిస్తుంది. ఆయన ఇంట్లో టీ మాత్రం నల్లగానే ఉంటుంది. పితికిన పాలన్నీ రుద్రూర్ దారిలో ఉన్న ఆయన టమాటా చేనుకు పోతాయి. గేటు దగ్గర బకెట్ ఉంటుంది. ఎరువులు అమ్మేవాడైనా, పెళ్లి పత్రిక తెచ్చిన బావమరిదైనా అందులో చేతులు మోచేతుల దాకా ముంచాకే లోపలికి రావాలి. బావమరిది పత్రికను గేటుకే కట్టేసి పోయాడు.

ఆ ఉదయం బకెట్ ముందు నిలబడ్డ గంగమణికి నవ్వు రాలేదు. చిన్నప్పటి నుంచీ బీడీలు చుట్టిన చేతులు ఆమెవి. పోయినేడు చెన్నకేశవరావు చేలో టమాటా నాటడానికి వెళ్లింది. నెల తిరిగేసరికి ఆమె నాటిన సాళ్లే వంకరపోయాయి. ఆకుల నిండా పసుపు మచ్చలు, కొసలు దారాల్లా సాగిపోయాయి. పక్క సాళ్లు పచ్చగా ఉన్నాయి. కనబడని మనిషెవరో సరిగ్గా ఆమె వెనకాలే నడిచినట్టు. బాణామతి చేసిందన్న మాట ఎవరూ ఆమె ముందు అనలేదు. ఆమె రాగానే మాటలు ఆగిపోయేవి. కూలికి పిలుపులు కూడా ఆగిపోయాయి. చివరికి తన చేతులంటే తనకే భయం పట్టుకుంది.

ఈ ఏడు నాట్లకు పిలిచింది రాజనర్సు ఒక్కడే.

"నర్సన్నా, నా చేతుల ఏమున్నదే?"

"వైరస్."

"పురుగా?"

"పురుగు గాదు. పురుగుకు పానముంటది."

"అయితె సచ్చిందా?"

"సావలేదు, బతుకలేదు. బీడీ తంబాకుల ఊకె కూసుంటది, ఏండ్లకేండ్లు. నీ ఏలు ఆకుకు తాకిందా, లేస్తది. లోపలికి వొయ్యి, ఆకుతోనే తన అసుంటియి చేపిచ్చుకుంటది."

గాలి లేదు. అయినా పక్కన చెరకు తోట కదిలినట్టనిపించింది ఆమెకు.

"గిట్ల భయపెడ్తవేందే!"

"నాకుగూడ భయమే. గందుకే పాలు. పాలల్ల దాని ఆట సాగది. ముంచు."

ఆమె ముంచుతుండగా నారు కొనడానికి చెన్నకేశవరావు స్కూటర్ దిగాడు. ఆమెను చూసి ఆగిపోయాడు.

"ఈవిడ ముట్టిన నారు నాకొద్దండీ."

"ముందు చేతులు సార్."

"నేను బీడీ ముట్టనయ్యా!"

"ముంచుండ్రి."

"బంగారం లాంటి కాఫీ పాలు!"

"ముంచుండ్రి సార్."

ఆయన వాచీతో సహా ముంచాడు. "నెల చూస్తాను. ఈవిడ సాళ్లు మళ్లీ వంకర తిరిగాయా, ఊళ్లో అనుకునేదే నిజమనుకుంటాను," అని నారు కొనకుండానే వెళ్లిపోయాడు.

గంగమణి మెల్లగా అడిగింది. "తంబాకు నా చేతులకే ఉండె గద అన్నా. గాళ్లందరికెందుకు పాలు?"

రాజనర్సు అటూ ఇటూ చూశాడు. "నీ ఒక్కదాంతోనే ముంచిపిస్తె ఊరు నిన్నేమంటది? అందరితోని ముంచిపిస్తె నర్సుగానికి పిచ్చి అంటది. అననీ. గా పిచ్చోని నౌకరి నేను చేస్త."

నెల గడిచింది. ఆమె సాళ్లు మిగతా సాళ్లలాగే పచ్చగా ఉన్నాయి. చెన్నకేశవరావు వంగి వంగి చూశాడు, ఒక ఆకును తిరగేసి కూడా చూశాడు.

"రాజనర్సు గారూ, సోమవారం మా చేలో నాట్లు. ఈవిడను పంపండి."

"నన్నెందుకు అడుగుతరు సార్? ఆమె గీడనే ఉన్నది."

ఆయన గొంతు సవరించుకున్నాడు. "ఏమ్మా, సోమవారం వస్తావా?"

"సోమారం కుదరది సార్," అంది గంగమణి తల ఎత్తకుండా. "మంగళారం సూస్త."

మంగళవారం వెళ్లింది.